నర్సింగ్ హోమ్ నాణ్యత: ఆ లెక్క ఎవరు పెట్టారు?

క్లుప్తంగా: నర్సింగ్ హోమ్‌ల గురించి కుటుంబాలకు అందే సమాచారంలో కొంత బయటివాళ్లు లెక్కపెట్టింది, కొంత ఆ సంస్థే తన గురించి తాను రాసుకున్నది. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఐదు నక్షత్రాల రేటింగులో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. విడదీసి చూస్తే తనిఖీ నివేదిక, సిబ్బంది పనిగంటలు ఎక్కువ నమ్మదగినవి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వృద్ధుల సంరక్షణ కేంద్రాలకు అలాంటి రేటింగే లేదు. అందుకే ఆ పద్ధతి అడిగే ప్రశ్నలనే ఇక్కడ కుటుంబం అడగాలి, జవాబులను రిజిస్టర్లలో చూసుకోవాలి.

ఎనభైకి దగ్గరపడిన మనిషికి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే ఆసుపత్రివారు ఇక తీసుకువెళ్లమంటారు. ఇంట్లో పగలంతా ఎవరూ ఉండరు. మంచం మీద నుంచి లేపాలంటే ఇద్దరు కావాలి. నర్సింగ్ హోమ్ ఎంపిక చాలా కుటుంబాల్లో ఇలా రెండు మూడు రోజుల గడువులో, ఆసుపత్రి చేతిలో పెట్టిన చిన్న జాబితాలోంచి జరిగిపోతుంది. అంత తొందరలో కంటికి కనిపించేవే నిర్ణయిస్తాయి: రిసెప్షన్, తోట, గదిలో టీవీ, ఫోన్‌లో కనిపించే నక్షత్రాలు. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే మంచం పట్టిన మనిషికి రాత్రి రెండు గంటలకు ఏం జరుగుతుందో వీటిలో ఏదీ చెప్పదు.

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే వాడుక ఉంది. ఇక్కడ చర్చిస్తున్నది మాత్రం తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే చోటు గురించి.

ఒక రాత్రి షిఫ్టు లెక్క

వృద్ధుల సంరక్షణలో వైద్యం పాలు తక్కువ, చేతిపని పాలు ఎక్కువ. పక్కకు తిప్పడం, తుడవడం, డైపర్ మార్చడం, నోటికి ముద్ద అందించడం, పట్టుకుని నడిపించడం. ఈ పనుల్లో ఏదీ యంత్రం చేసేది కాదు. కాబట్టి నాణ్యత గురించి మాట్లాడడమంటే చాలావరకు ఒక్కో మనిషికి రోజుకు ఎన్ని గంటల చేతిపని అందుతోందని అడగడమే.

2024లో అమెరికా ప్రభుత్వం ఒక కనీస ప్రమాణం ప్రకటించింది. ఒక్కో రోగికి రోజుకు మొత్తం 3.48 గంటల సంరక్షణ అందాలి. అందులో రిజిస్టర్డ్ నర్సు (ఎక్కువ చదువు, ఎక్కువ బాధ్యత ఉన్న నర్సు) నుంచి 0.55 గంట, నర్సు సహాయకుల నుంచి 2.45 గంటలు, మిగతాది వీరిలో ఎవరి నుంచైనా, వేరే నర్సుల నుంచైనా. వినడానికి ఇది ఉదారంగానే ఉంటుంది. వందమంది ఉన్న కేంద్రంలో దీన్ని విడదీసి చూద్దాం. సహాయకుల పని రోజుకు 245 గంటలు, అంటే ఎనిమిది గంటల డ్యూటీలు సుమారు 30. ఉదయం 12 మంది, సాయంత్రం 11 మంది వస్తే రాత్రికి మిగిలేది ఏడుగురు. ఒక్కొక్కరి చేతికింద 14 మంది వృద్ధులు. అందులో అయిదుగురు తమంతట తాము పక్కకు తిరగలేనివారనుకుంటే, రెండు గంటలకోసారి తిప్పాలన్న మామూలు నియమం ప్రకారం రాత్రికి ఇరవై సార్లు తిప్పాలి. తుడిచి, డైపర్ చూసి, దిండు సర్ది బయటికి రావడానికి పది నిమిషాలు వేసుకుంటే మూడు గంటల ఇరవై నిమిషాలు అక్కడే అయిపోతాయి. బరువైన మనిషైతే ఇంకొకరి సాయం కావాలి. ఆ ఇంకొకరికీ తన 14 మంది ఉన్నారు. ఈలోగా మిగతా తొమ్మిది మందిలో ఎవరో బాత్రూముకు వెళ్లాలని గంట కొడతారు. ఆ రాత్రి ఒక సహాయకుడు సెలవు పెట్టాడంటే ఎవరినో ఒకరిని తిప్పడం మానేస్తారు.

మానేస్తే ఏమవుతుందో ఒంటి మీద కనిపిస్తుంది. పడక పుండు మొదట నడుము కింది ఎముక దగ్గరో, మడమ దగ్గరో, తుంటి పక్కనో ఎర్రబడిన మచ్చలా మొదలవుతుంది. మామూలు ఎరుపైతే వేలితో నొక్కినప్పుడు తెల్లబడి తిరిగి ఎర్రబడుతుంది. పుండు మొదలైతే నొక్కినా రంగు మారదు. చామనఛాయ, నల్లని చర్మంపై ఈ ఎరుపు తేలిగ్గా కనిపించదు. అక్కడి చర్మం చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగలడం, రంగు ముదరడం గుర్తులు. ఈ దశలో పట్టుకుంటే తిప్పుతూ ఉండడంతోనే మానుతుంది. వదిలేస్తే నాలుగో దశలో ఎముక కనిపించేంత లోతుకు పోతుంది. అందుకే నర్సింగ్ హోమ్‌ను తూచేవారు అడిగే ముఖ్యమైన ప్రశ్నల్లో పడక పుండ్ల సంఖ్య ఒకటి. అది సిబ్బంది కొరతకు ఒంటిపై పడే రాత.

ఆ 3.48 గంటల ప్రమాణం అమల్లోకి రాకముందే ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది జులైలో వచ్చిన చట్టం అమలును 2034 దాకా నిలిపివేసింది. గ్రామీణ కేంద్రాలకు నర్సులు దొరకరని, మూతపడతాయని యాజమాన్యాలు వాదించాయి. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ఫలితంగా 1987 నాటి చట్టమే నిలిచింది. దాని ప్రకారం లైసెన్సు ఉన్న నర్సు 24 గంటలూ, రిజిస్టర్డ్ నర్సు రోజుకు ఎనిమిది గంటలూ ఉండాలి. మిగతా సిబ్బంది 'సరిపడా' ఉండాలి. ఎంతైతే సరిపడా అన్నది ఆ చట్టం చెప్పదు.

నక్షత్రాలు ఎలా వస్తాయి

అమెరికాలో సుమారు 15 వేల నర్సింగ్ హోమ్‌లున్నాయి. 2008 డిసెంబరు నుంచి మెడికేర్ (వృద్ధులకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) నడిపే సంస్థ వీటికి ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తోంది. మెడికేర్ వెబ్‌సైట్‌లోని 'కేర్ కంపేర్' పేజీలో ఎవరైనా చూసుకోవచ్చు. చూపించేది ఒకే అంకె అయినా దాని కింద మూడు లెక్కలుంటాయి: తనిఖీ ఫలితాలు, సిబ్బంది, నాణ్యతా సూచికలు.

పునాది తనిఖీలది. రాష్ట్ర ప్రభుత్వ బృందాలు ముందుగా చెప్పకుండా వచ్చి, దొరికిన లోపాల సంఖ్యనూ తీవ్రతనూ బట్టి మార్కులు వేస్తాయి. ఆ మార్కుల ప్రకారం రాష్ట్రంలో పై పది శాతం కేంద్రాలకు ఐదు నక్షత్రాలు, అట్టడుగు ఇరవై శాతానికి ఒకటి. మధ్యలోని డెబ్బై శాతాన్ని మూడు సమభాగాలు చేసి నాలుగు, మూడు, రెండు ఇస్తారు. అంటే ఇది తరగతిలో ర్యాంకు లాంటిదే తప్ప పరీక్షలో వచ్చిన మార్కు కాదు. రాష్ట్రంలోని కేంద్రాలన్నీ దిగజారినా పై పది శాతానికి ఐదు నక్షత్రాలు వస్తూనే ఉంటాయి. న్యూజెర్సీలో కూతురు, టెక్సాస్‌లో కొడుకు ఉన్న కుటుంబం రెండు చోట్లా నాలుగు నక్షత్రాల కేంద్రాలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేకపోవడానికి కారణం ఇదే.

ఆ పునాది మీద కూడికలు, తీసివేతలు జరుగుతాయి. సిబ్బంది విభాగంలో ఐదు నక్షత్రాలు వస్తే మొత్తానికి ఒకటి కలుస్తుంది, ఒక్కటే వస్తే ఒకటి పోతుంది. నాణ్యతా సూచికల్లో ఐదు వస్తే మరొకటి కలుస్తుంది, ఒకటి వస్తే పోతుంది. తనిఖీలో నాలుగు నక్షత్రాలు, సిబ్బందిలో మూడు ఉన్న కేంద్రం సూచికల బలంతోనే ఐదు నక్షత్రాల బోర్డు పెట్టుకోవచ్చన్నమాట. 2020 ఫిబ్రవరి, మార్చిలలో అమెరికాలో కోవిడ్ మొదటిసారి పెద్దయెత్తున ప్రాణాలు తీసిన, వాషింగ్టన్ రాష్ట్రం కర్క్‌లాండ్‌లోని నర్సింగ్ హోమ్‌కు అప్పటికి ఐదు నక్షత్రాలున్నాయి.

నమ్మదగిన అంకె, నమ్మలేని అంకె

మూడు లెక్కల్లో ఏది ఎంత గట్టిదన్నది దాన్ని ఎవరు నింపారన్న దాన్ని బట్టి ఉంటుంది. నాణ్యతా సూచికల్లో ఎక్కువ భాగం కేంద్రమే తన రోగుల గురించి నింపి పంపే పత్రాల నుంచి వస్తాయి: ఎంతమందికి పడక పుండ్లు, ఎంతమంది పడి దెబ్బ తగిలించుకున్నారు, ఎంతమందికి మత్తు కలిగించే మానసిక వ్యాధుల మందులు ఇస్తున్నారు. వీటిని ఆసుపత్రి బిల్లులతో సరిపోల్చిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. పడిపోయి తీవ్రంగా గాయపడి ఆసుపత్రిలో చేరిన సంఘటనల్లో నర్సింగ్ హోమ్‌లు తమ పత్రాల్లో నమోదు చేసినవి 57 శాతం చిల్లరే అని అందులో తేలింది. కాబట్టి పడిపోయినవారి సంఖ్య తక్కువగా కనిపించే కేంద్రంలో నిజంగానే తక్కువమంది పడి ఉండవచ్చు, లేదా రాయకపోయి ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏదో ఆ అంకె చెప్పలేదు.

మందుల లెక్క ఇంకా చిక్కైనది. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులకు ఈ మానసిక వ్యాధుల మందులు, అంటే ఆంటీసైకోటిక్ మందులు ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే మందు వివరాల కాగితంపై పెట్టె కట్టి మరీ హెచ్చరించింది. అయినా రాత్రుళ్లు అరిచే, అటూ ఇటూ తిరిగే మనిషికి ఒక మాత్ర వేస్తే షిఫ్టు ప్రశాంతంగా గడుస్తుంది. ఈ మందుల వాడకాన్ని రేటింగులో చేర్చినప్పుడు, వీటితోనే చికిత్స చేసే తీవ్ర మానసిక వ్యాధి స్కిజోఫ్రీనియా ఉన్నవారికి మినహాయింపు ఇచ్చారు. వైద్యపరంగా అది సబబే. కానీ ఆ తరువాత నర్సింగ్ హోమ్‌ల పత్రాల్లో స్కిజోఫ్రీనియా రోగులు పెరుగుతూ వచ్చారు. సాధారణంగా యౌవనంలో మొదలయ్యే జబ్బు ఎనభై ఏళ్ల వారికి కొత్తగా రావడం ఎంత అరుదో వైద్యులకు తెలుసు. చివరికి 2023 జనవరిలో మెడికేర్ సంస్థ ఈ రోగనిర్ధారణలపైనే ఆడిట్లు మొదలుపెట్టింది.

సిబ్బంది లెక్క ఒకప్పుడు ఇలాగే ఉండేది. తనిఖీ సమయానికి ముందు రెండు వారాల్లో ఎంతమంది పనిచేశారో కేంద్రమే రాసిచ్చేది. 2016 నుంచి జీతాల రికార్డులే పంపాలన్న నిబంధన వచ్చింది. 2018లో వాటి ఆధారంగా నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టగానే దాదాపు 1,400 కేంద్రాలు సిబ్బంది విభాగంలో ఒక్క నక్షత్రానికి పడిపోయాయి. చాలా రోజులు రిజిస్టర్డ్ నర్సే లేకపోవడమో, లెక్కలు చూపలేకపోవడమో అందుకు కారణం. జీతం ఇచ్చిన గంటను ఊరికే పెంచి రాయడం కష్టం. 2022 నుంచి శని, ఆదివారాల సిబ్బంది, ఏడాదిలో ఎంతమంది ఉద్యోగం మానేశారన్న శాతం కూడా విడిగా కనిపిస్తున్నాయి. ఆ పేజీ మొత్తంలో కుటుంబానికి అన్నిటికంటే ఉపయోగపడే అంకెలు ఈ రెండేనని చెప్పవచ్చు. సగటులో దాగిపోయే కొరతను వారాంతపు అంకె బయటపెట్టేస్తుంది. ఉద్యోగం మానేసేవారి శాతం ఎక్కువైతే, అమ్మకు ఎడమ చెవి వినపడదని తెలిసిన సహాయకురాలు మూడు నెలల తరువాత ఉండదు. కొత్తగా వచ్చినవారికి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇదే తూకంతో చూస్తే, సూచికల్లోనూ మెడికేర్ బిల్లుల నుంచి నేరుగా లెక్కించేవి కొంత నయం. ఎంతమంది తిరిగి ఆసుపత్రిలో చేరారు, ఎంతమంది అత్యవసర విభాగానికి వెళ్లారు అన్నవి ఆ కోవలోకి వస్తాయి.

యజమాని ఎవరన్నదీ చూడదగ్గదే. అమెరికా నర్సింగ్ హోమ్‌లలో దాదాపు 70 శాతం లాభాపేక్షతో నడిచేవి. ప్రైవేట్ ఈక్విటీ సంస్థల (మదుపరుల డబ్బుతో వ్యాపారాలను కొని, లాభానికి తిరిగి అమ్మే సంస్థల) చేతికి వెళ్లిన కేంద్రాల్లో తక్కువ కాలం ఉండే రోగుల మరణాలు దాదాపు పది శాతం పెరిగాయని 2021లో ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి చూపింది. సహాయకుల గంటలు తగ్గడం, ఆంటీసైకోటిక్ మందుల వాడకం పెరగడం కూడా అందులో కనిపించాయి.

తనిఖీ నివేదిక చదివే పద్ధతి

నక్షత్రాల కంటే వాటి వెనకున్న నివేదికను చదవడం మేలు. అక్కడ కథ మాటల్లో ఉంటుంది. ఏ తేదీన, ఏ నంబరు రోగికి, ఎన్ని గంటలపాటు ఏం జరగలేదో రాసి ఉంటుంది. ప్రతి లోపానికీ ఎ నుంచి ఎల్ వరకు ఒక అక్షరం ఇస్తారు. డి, ఇ, ఎఫ్ అంటే హాని జరగలేదు గానీ జరిగే అవకాశం ఉంది. జి నుంచి ఐ వరకు నిజంగా హాని జరిగింది. జె, కె, ఎల్ అయితే ప్రాణాపాయం స్థాయి. లోపాలు పన్నెండు ఉన్నా అన్నీ డి దగ్గరే ఆగిన కేంద్రం, మూడే లోపాలున్నా అందులో ఒకటి జి అయిన కేంద్రం కంటే మెరుగు కావచ్చు. ఒకే లోపం వరుసగా రెండు తనిఖీల్లో కనిపిస్తే అది పొరపాటు కాదు, అక్కడి అలవాటు. వేధింపుల కేసులున్న కేంద్రాల పేరు పక్కన 2019 నుంచి ఎర్రని చెయ్యి గుర్తు పెడుతున్నారు.

నివేదిక తేదీ కూడా చూడాలి. మామూలుగా ఏడాదికోసారి జరగాల్సిన తనిఖీ కొన్ని రాష్ట్రాల్లో బాగా ఆలస్యమవుతోంది. ఇంగ్లండ్‌లోనూ ఇదే సమస్య. అక్కడి తనిఖీ సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్ 'ఔట్‌స్టాండింగ్', 'గుడ్' లాంటి రేటింగులు ఇస్తుంది. ఆ రేటింగులు ఏళ్లనాటివై ఉంటున్నాయని 2024లో ప్రభుత్వం వేయించిన సమీక్ష తప్పుపట్టింది. నాలుగేళ్ల కిందటి 'గుడ్' అప్పటి మేనేజరుకు ఇచ్చిన సర్టిఫికెట్టు మాత్రమే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఎదురయ్యేవి

తల్లిదండ్రులను గ్రీన్‌కార్డు మీద తెచ్చుకున్న కుటుంబాలకు నాణ్యత కంటే ముందు ఖర్చు ప్రశ్న వస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు అక్కడే ఉంటే గాని 65 దాటినవారు ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరలేరు. మెడికేర్ ఉన్నా, మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఆసుపత్రిలో ఉన్న తరువాత మాత్రమే నర్సింగ్ హోమ్ ఖర్చు ఇస్తుంది. అదీ గరిష్ఠంగా వంద రోజులు, మొదటి ఇరవై రోజులకే పూర్తిగా. ఆసుపత్రిలో 'అబ్జర్వేషన్' కింద, అంటే ఇన్‌పేషెంటుగా చేర్చుకోకుండా పరిశీలనలో ఉంచి, గడిపిన రోజులు ఈ మూడింటిలోకి రావు. మంచం ఒకటే, వార్డు ఒకటే, బిల్లులో మాట మాత్రం వేరు. ఆసుపత్రిలో ఉండగానే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి సాగే సంరక్షణకు మెడికేర్ ఇవ్వదు, పేదలకు మెడికెయిడ్ ఇస్తుంది. సొంతంగా కట్టాలంటే ఇద్దరుండే గదికే సగటున నెలకు 9 వేల డాలర్లు దాటుతుంది.

చేర్చుకునే పత్రాల్లో రెండు సంతకాల దగ్గర ఆగాలి. ఒకటి, రోగి బాకీకి కొడుకో కూతురో సొంత డబ్బుతో పూచీ పడే వాక్యం. అలాంటి పూచీ అడగడాన్ని ఫెడరల్ నిబంధనలు నిషేధించాయి. రోగి డబ్బును చూసుకునే ప్రతినిధిగా సంతకం చేయడం వేరు, సొంతంగా హామీ ఉండడం వేరు. రెండోది, గొడవ వస్తే కోర్టుకు వెళ్లబోమనే మధ్యవర్తిత్వ ఒప్పందం. 2019 నిబంధన ప్రకారం దాన్ని చేర్చుకోవడానికి షరతుగా పెట్టకూడదు. సంతకం చేసినా 30 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు.

భాష విషయం రేటింగుల్లో ఎక్కడా కనిపించదు. మతిమరుపు ముదిరినవారిలో చాలామందికి తరువాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందుగా జారిపోయి తెలుగే మిగులుతుంది. 'మంట', 'దాహం', 'ఒంటికి' అన్న మాటలు అక్కడి సహాయకురాలికి వట్టి గొణుగుడు. జవాబు దొరకని మనిషి గట్టిగా అరుస్తాడు. అరిస్తే మొండితనమని చార్టులో ఎక్కుతుంది. ఆ తరువాతి మెట్టు పైన చెప్పిన మాత్రే. ఇలాంటి పది పదిహేను మాటలను ఇంగ్లీషు లిపిలో, అర్థంతో సహా రాసి మంచం తలాపున అంటించడం చాలా కుటుంబాలు చేస్తున్న పని. ఫెడరల్ నిధులు తీసుకునే కేంద్రం దుబాసీ సేవ కూడా ఏర్పాటు చేయాలి. అడిగితేనే చేస్తుంది. శాకాహారం దొరుకుతుందా అని అడిగితే అందరూ దొరుకుతుందనే అంటారు. వారం రోజుల మెనూ కాగితం తీసుకుని చూస్తే చీజ్ శాండ్‌విచ్, సలాడ్ తప్ప మరేమీ లేదని తెలుస్తుంది. పళ్లు లేని, మింగడం కష్టమైన మనిషి ఆ రెండూ తినలేడు.

తెలుగు రాష్ట్రాల్లో చట్టం ఎంతవరకు

2021 నాటి అంచనాల ప్రకారం దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 12 శాతం పైనే. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విదేశాల్లోనో ఉండడంతో నెలవారీ రుసుముతో నడిచే సంరక్షణ కేంద్రాలు హైదరాబాద్ శివార్లలో, విజయవాడ, గుంటూరు, విశాఖల చుట్టుపక్కల పుట్టుకొస్తున్నాయి. వీటిలో కొన్ని ఓపిక ఉన్నవారి నివాసాలు, కొన్ని మంచంపట్టినవారిని చూసేవి. చాలా చోట్ల రెండూ ఒకే భవనంలో.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేది ప్రభుత్వం నెలకొల్పవచ్చని చెప్పింది. నెలకొల్పాలని కాదు. రుసుము తీసుకునే ప్రైవేటు కేంద్రాల్లో ఎంతమందికి ఎంతమంది సిబ్బంది ఉండాలో అది చెప్పలేదు. ఆ ఖాళీని పూరించడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. సంరక్షణ కేంద్రాలన్నిటికీ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు అందులో ఉన్నాయి. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ రద్దయింది. ఆసుపత్రులకైతే తెలంగాణలో 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం ఉన్నాయి. వృద్ధాశ్రమం సొసైటీగానో, ట్రస్టుగానో, కంపెనీగానో నమోదవుతుంది. ఆ నమోదు సంస్థ ఉనికికి రుజువే తప్ప, లోపల జరిగే సంరక్షణను ఎవరో వచ్చి చూశారనడానికి రుజువు కాదు. 'ప్రభుత్వ గుర్తింపు పొందినది' అని బోర్డు మీద ఉంటే ఏ చట్టం కింద, ఏ పనికి అన్నది అడగాల్సిందే.

ఈ ఖాళీ ఎక్కడికి దారితీస్తుందో 2020 జనవరిలో హైదరాబాద్ శివార్లలోని ఒక కేంద్రంలో బయటపడింది. అనుమతి లేకుండా నడుస్తున్న అక్కడి నుంచి వృద్ధులను, మానసిక రోగులను పోలీసులు బయటికి తెచ్చారు. కొందరిని గొలుసులతో కట్టి ఉంచారని తేలింది. మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. చుట్టుపక్కలవారు ఫిర్యాదు చేసేదాకా అక్కడికి వెళ్లి చూడడం ఎవరి బాధ్యతా కాలేదు.

రేటింగు లేని చోట ఏం అడగాలి

అమెరికా పద్ధతి ఇచ్చే సౌకర్యం ఇక్కడ లేకపోయినా అది నేర్పే తర్కం ఇక్కడా పనిచేస్తుంది. సంస్థ చెప్పే మాట ఒకటి, ఇంకో పనికోసం ఇంకెవరో రాసిన కాగితం ఇంకొకటి. రెండోదాన్ని అడగాలి.

సిబ్బంది ఎంతమంది అని అడిగితే వంటవాళ్లను, వాచ్‌మన్‌ను కలిపి చెబుతారు. నిన్న రాత్రి డ్యూటీలో ఉన్న ఆయాలు, నర్సులు ఎవరెవరో హాజరు పట్టీలో చూపమనాలి. ముప్పై మంచాలకు రాత్రి ఇద్దరు ఆయాలంటే ఒక్కొక్కరికి పదిహేను మంది. పైన చూసిన అమెరికా లెక్కకు ఇది దగ్గరే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ సహాయకులతో పాటు లైసెన్సు ఉన్న నర్సు కూడా ఉండి తీరాలి. ఇక్కడ తెల్ల యూనిఫాం వేసుకున్న ప్రతివారినీ 'సిస్టర్' అనే పిలుస్తారు. మూడేళ్ల జీఎన్ఎం చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారా, రెండేళ్ల ఏఎన్ఎం చదివినవారా, నెల రోజుల శిక్షణతో వచ్చినవారా అన్నది వేరుగా అడగాలి. ఇన్సులిన్ ఇంజెక్షన్, ముక్కు గొట్టం ద్వారా ఆహారం, మూత్రపు గొట్టం మార్చడం రాత్రి పూట ఎవరు చేస్తారన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో చాలా సంగతులు తెలిసిపోతాయి.

డాక్టరు వారానికోసారి వస్తారని దాదాపు అన్ని చోట్లా చెబుతారు. కేస్ షీట్ల మీద డాక్టరు రాత, తేదీ ఉంటాయి. గత నెల షీట్లు, పేర్లు దాచైనా సరే, చూపించగలరా అన్నది పరీక్ష. పడక పుండ్లు మీ దగ్గర ఎవరికీ లేవా అని అడిగితే 'అస్సలు లేవండీ' అనే జవాబు మంచి గుర్తేమీ కాదు. మంచంపట్టినవారు పదిమంది ఉన్న చోట, ఆసుపత్రి నుంచే పుండుతో వచ్చినవారు ఒకరిద్దరైనా ఉంటారు. ఇద్దరికి ఉన్నాయి, ఒకరికి మానుతోంది, డ్రెస్సింగ్ ఫలానావారు చేస్తారు అని చెప్పగలిగినవారు కనీసం చూస్తున్నారు.

చూడ్డానికి వెళ్లే వేళ కూడా ముఖ్యం. అపాయింట్‌మెంటు ఇచ్చి పదకొండు గంటలకు రమ్మంటే అప్పటికి స్నానాలు, శుభ్రం అయిపోయి ఉంటాయి. ఆదివారం సాయంత్రం ఏడింటికి, చెప్పకుండా, రాత్రి భోజనం వేళకు వెళ్లడం వేరు. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద పెడుతున్నారా, మంచం వాల్చి ఉండగానే తినిపిస్తున్నారా అన్నది అక్కడ కనిపిస్తుంది. పడుకోబెట్టి తినిపిస్తే అన్నం శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా రావచ్చు. తినిపించాక అరగంటైనా కూర్చోబెట్టి ఉంచడం మంచి కేంద్రాల అలవాటు. నడవగలిగేవారికీ డైపర్లు వేసి ఉంచితే బాత్రూముకు తీసుకువెళ్లే మనిషి లేడని అర్థం.

విదేశాల్లోని పిల్లలకు ఎక్కువగా చూపించేది సీసీ కెమెరా. గదిలో గొడవ జరిగితే అది ఉపయోగపడుతుంది. మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి మడమలు కెమెరాకు కనిపించవు. హాల్లో అందరూ వరుసగా కుర్చీల్లో నిశ్శబ్దంగా కూర్చున్న దృశ్యం ప్రశాంతతా కావచ్చు, మాత్రల మత్తూ కావచ్చు. నెలవారీ మందుల బిల్లు తెప్పించుకుని, ఒక్కో మందు దేనికో కుటుంబ వైద్యుడిని అడిగితే ఆ అనుమానం తీరుతుంది. మందుల దుకాణం బిల్లు వేసేది కేంద్రం కాదు.

ఒప్పందంలో వాపసు ఇచ్చే డిపాజిట్ ఎంత, ఆసుపత్రిలో ఉన్న రోజులకు రుసుము కట్టాలా, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకువెళతారు, పరిస్థితి ముదిరితే ఖాళీ చేయమంటారా, అందుకు ఎన్ని రోజుల గడువు అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. వీటిలో చివరిది చాలా ఒప్పందాల్లో ఉండదు.

చేర్చిన తరువాత

అమెరికాలో చేరిన 48 గంటల్లో ప్రాథమిక సంరక్షణ ప్రణాళిక, రెండు వారాల్లో పూర్తి మదింపు జరగాలి. ప్రణాళిక సమావేశంలో కుటుంబం కూర్చోవచ్చు. ఫిర్యాదు వినడానికి ప్రతి రాష్ట్రంలో ఆంబుడ్స్‌మన్ ఉంటారు. తెలుగు రాష్ట్రాల్లో వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఉంది. వాటికి కేంద్రాన్ని క్రమం తప్పకుండా తనిఖీ చేసే యంత్రాంగం లేదు. అందువల్ల ఇక్కడ మొదటి రెండు నెలలూ కుటుంబమే తనిఖీ బృందం.

ఆ బృందానికి ఖర్చు లేకుండా, ఎవరి రిజిస్టరూ చూడనక్కరలేకుండా దొరికే అంకె ఒకటుంది: బరువు. నెలలో ఐదు శాతం, లేదా ఆరు నెలల్లో పది శాతం తగ్గితే దాన్ని ప్రమాద సూచనగా అమెరికా నర్సింగ్ హోమ్‌ల మదింపు పత్రం లెక్కిస్తుంది. అరవై కిలోల మనిషికి నెలలో మూడు కిలోలు. తినిపించే మనిషి లేకపోవడం, పళ్ల సెట్టు పోవడం, కొత్త మందు, గుర్తించని ఇన్ఫెక్షన్, దిగులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చేర్చిన రోజునే, వీలైతే ఇంటినుంచి తీసుకువెళ్లిన బరువు యంత్రంపై ఒకసారి చూసి రాసుకుని, ప్రతి నెలా అదే తేదీకి, అలాంటి బట్టలతోనే మళ్లీ చూడాలి. నిలబడలేనివారికి చక్రాల కుర్చీతో సహా తూచి కుర్చీ బరువు తీసివేస్తారు. ఆ ఏర్పాటు కేంద్రంలో ఉందా అన్నది చేర్చకముందే అడగదగ్గ ప్రశ్న.